మొలతాడుకు తీసిన ఫిల్ము

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. "మావాడు కలకత్తాలో పొటోలు తీత్తాడు" అని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ అంతా చెప్పుకొచ్చేది. దాంతో పెళ్ళిళ్ళ రోజుల్లో ఎవరో ఒకరు మా క్వార్టరు తలుపు తట్టి, ఫలానా ముహూర్తానికి ఖాళీయేనా అని అడిగేవారు. మొదట్లో విడమరిచి చెప్పేవాణ్ణి. తరవాత విసుగెత్తి, ఆ రోజు వేరే చోట ఒప్పుకున్నానని చెప్పేసేవాణ్ణి.

మా అమ్మ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. ఫొటోలే తీసేవాణ్ణి. మామూలు కెమెరా బయటి వెలుగులో మనిషిని చూస్తుంది. మా గామా కెమెరా మనిషి లోపలినుంచి వచ్చేదాన్ని చూస్తుంది. నరంలోకి కాస్త రేడియోధార్మిక మందు ఎక్కిస్తాం. ఎముకలకు పట్టే మందైతే ఎముకల్లోకి, మెదడుకు పట్టే మందైతే మెదడులోకి చేరి, అక్కణ్ణుంచి కిరణాలు పంపుతుంది. కెమెరా వాటిని చుక్కలు చుక్కలుగా ఏరుకుంటుంది. కేన్సరు ఎముకలకు పాకిందా, పెద్దాయన మతిమరుపు వయసుతో వచ్చిందా జబ్బుతో వచ్చిందా, ఇలాంటివి తేల్చుకోవడానికి ఆ ఫిల్ములు డాక్టర్లకు సాయపడేవి. తేల్చేది వాళ్ళు, చుక్కలు పోగుచేసి ఇచ్చేది మేము.

ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. మీ రోజుల్లో మెషీను ఎలా ఉండేది, కంప్యూటరు ఎంత ఉండేది అని అడుగుతారు. మెషీన్ల సంగతి పుస్తకాల్లో ఉంది, నాయనా. నేను ఒక నల్లదారం సంగతి చెబుతాను, వినండి. తప్పు నాదే కాబట్టి చెప్పే హక్కూ నాదే.

తొంభైల మొదట్లో మాట. కలకత్తాలో ఒక పెద్ద ఆసుపత్రిలో టెక్నీషియనుగా చేరి నాలుగేళ్ళయింది. ఖరగ్‌పూర్‌లో పొద్దున్నే లోకల్ ఎక్కి హౌరాలో దిగడం, సాయంత్రం మళ్ళీ అదే దారి. మా విభాగంలో నాపైన ఒక బెంగాలీ సీనియర్ టెక్నీషియను ఉండేవాడు. ఆయన్ని దాదా, అంటే అన్నయ్య, అనేవాళ్ళం. మంచి పనివాడు, నోరు మాత్రం చెడ్డది. ఒంటిమీద ఉన్నదంతా తీయించాకే పేషెంటును బల్లమీద పడుకోబెట్టాలని ఆయన శాసనం. బెల్టు, తాళాలు, తాయెత్తు, దారం, ఏదైనా సరే. ప్రతి పేషెంటుకీ ఒక షీటు ఉండేది. అందులో ఒక గడి: ఒంటిమీద ఏమున్నాయి? దాన్ని నింపాకే కెమెరా కదిలేది. మా ఇద్దరి మీదా విభాగానికి పెద్ద, డాక్టరు మేడమ్. పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు, మాట తక్కువ. ఆమె రిపోర్టు మీద సంతకం పెట్టిందంటే పెద్ద పెద్ద సర్జన్లు కూడా మారు మాట్లాడేవారు కాదు.

ఒక గురువారం మా మావయ్య వచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు. మా కాలనీలో నా ఈడు వాళ్ళందరికీ ఆయన మావయ్యే. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపునుంచి వర్కుషాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈయనా అదే వర్కుషాపులో చార్జిమాను. నేను సైకిలు నేర్చుకుంటున్నప్పుడు వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది ఆయనే. పట్టుకున్నానని చెబుతూనే ఎప్పుడో వదిలేశాడని పడ్డాక గాని నాకు తెలియలేదు.

అప్పటికి యాభై అయిదేళ్ళుంటాయి ఆయనకు. కుడి కిడ్నీలో కేన్సరు గడ్డ తేలింది. సోమవారం ఆపరేషను. అయితే సర్జను ఒక షరతు పెట్టాడు. ముందు ఎముకల స్కాను కావాలి. గడ్డ కిడ్నీ దాటకపోతే కిడ్నీ తీసేస్తాడు, మనిషి దక్కుతాడు. ఎముకకు పాకి ఉంటే ఇక కొయ్యడు. నొప్పికి మందులిచ్చి ఇంటికి పంపుతాడు. అంటే మావయ్య బతుకు ఆ రోజు నా బల్లమీద ఉంది.

పొద్దున ఇంజెక్షను ఇచ్చి, నీళ్ళు బాగా తాగమని చెప్పి, మూడు గంటలు కూర్చోబెట్టాను. ఎముకలకు పట్టని మందు మూత్రంలో పోవాలి, అందుకు నీళ్ళు. తరవాత బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళాను. చొక్కా, పంచె, ఉంగరం, వాచీ అన్నీ తీసి ఆసుపత్రి గౌను వేసుకున్నాడు. నడుముకు మొలతాడు మిగిలింది. నాలుగు పేటల లావుపాటి నల్ల మొలతాడు. కుడివైపు తుంటి ఎముక మీద, వాళ్ళమ్మ ఎప్పుడో కుట్టి కట్టిన చిన్న గుడ్డ తాయెత్తు.

"మావయ్యా, అదీ తీసెయ్యాలి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఒరే, అది సచ్చినోడికి తీత్తారు గాని బతికినోడికి తీత్తారేటి? నన్ను బతికించడానికి తీసుకొచ్చినావా, మరిందుకా?"

నా ప్యాంటు లోపల నడుముకూ అలాంటిదే ఒకటుంది. దాన్ని తీసి మొండి మొలతో నిలబడమంటే నేను మాత్రం నిలబడతానా? పైగా అంతటి మనిషికి నేను చెప్పేదేమిటి అనిపించింది. దాదా చూస్తే గొడవ. గౌను తాడు బిగించి మొలతాడు కనబడకుండా చేసి, షీటులో గడి ఎదురుగా "ఏమీ లేవు" అని రాసేశాను.

పడుకోబెట్టే ముందు మూత్రానికి పంపాను. వచ్చి కాస్త సిగ్గుపడుతూ, గౌను ఎత్తి పట్టుకోవడంలో అటూ ఇటూ అయిందని చెప్పాడు. ఫరవాలేదని వేరే గౌను ఇచ్చాను. తడిసిన గౌను కెమెరా కింద ఉంటే లేనిపోని మచ్చ పడుతుందని నాకు తెలుసు. ఎంత జాగ్రత్తగా పని చేస్తున్నానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. బుద్ధి గడ్డి తినడమంటే అదే మరి.

స్కాను మొదలైంది. తల, పక్కటెముకలు, వెన్ను అన్నీ ముత్యాల్లా వచ్చాయి. నడుము దగ్గరికి వచ్చేసరికి కుడి తుంటి ఎముక అంచున ఒక చుక్క, ధగధగా మెరుస్తూ. పక్కనుంచి మరో ఫిల్ము తీసి ఉంటే అది ఎముకలో ఉందో చర్మం పైన ఉందో తేలేది. బయట ఇంకా ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళకు ఇచ్చిన మందు గంట గంటకూ తగ్గిపోతోంది. తరవాత చూద్దాంలే అని మావయ్యను లేపాను. ఇది నా రెండో తప్పు.

సాయంత్రం మేడమ్ ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చాలాసేపు చూసింది. ఎముకకు పాకింది, పొద్దున్నే రిపోర్టు రాసి సర్జనుకు పంపుతాను అంది. షీటులో ఊరి పేరు చూసి, మీ ఊరి మనిషా అని అడిగింది. అవునన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఆ సాయంత్రం మావయ్య నా కోసమే హౌరాలో ఆగాడు. ఒకే లోకల్లో ఎక్కాం. కారం కలిపిన మరమరాలు, జాల్‌మురీ, కొని పొట్లం నా ముందు పెట్టాడు. ఫొటోలో బాగా పడ్డానా అని అడిగితే, రేపు డాక్టరమ్మ రాస్తారన్నాను. ఆయనకు అనుమానమే లేదు. ఒకటి తీసేసినా ఇంకో కిడ్నీ ఉంటుందట కదా, దేవుడు కూడా రైల్వే వాడేనేమో, స్పేరు ఇచ్చి మరీ పంపాడని నవ్వాడు. కోలాఘాట్ బ్రిడ్జి మీద బండి పోతున్నంతసేపూ నేను నది వైపు తిరిగి కూర్చున్నాను. నాకు ఏడుపు వస్తోంది. ఆయన జాల్‌మురీలో పచ్చిమిరపకాయ ఎక్కువైందా అని అడిగాడు. అవునన్నాను.

తెల్లవారుజామున లేచి స్నానం చేశాను. ఒళ్ళు తుడుచుకున్నాను, లుంగీ కట్టుకున్నాను. నడుము దగ్గర చల్లగా తగిలింది. చెయ్యి పెట్టి చూస్తే మొలతాడు తడి. అందులో వింతేముంది, ఒళ్ళంతా ఆరినా మొలతాడు తడి ఆరదు. పుట్టిన దగ్గర్నుంచీ రోజూ తెలిసిన సంగతే. ఆ రోజు మాత్రం తువ్వాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నిన్న గౌను తడిసిందన్నాడు. గౌను మార్చాను. మొలతాడు మార్చలేదు. తాయెత్తు ఉన్నది కుడివైపు, చుక్క పడ్డదీ కుడివైపే.

మా ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. గబగబా అంతా చెప్పాను. మళ్ళీ ఫిల్ము తీయాలి, ఆయన మొలతాడు తీయడు, ఏం చెయ్యను అని తల పట్టుకున్నాను. ఆమె నన్ను ఒక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"కొత్తది కట్టి పాతది తియ్యండి. పండక్కి మీరు మార్చుకోరేటి? మొండి మొల ఎక్కడయింది మధ్యలో?"

నాలుగేళ్ళు చదివి, నాలుగేళ్ళు పని చేసి, నాకు తట్టలేదు ఆ మాట. ఆమె దేవుడి గూట్లోంచి కొత్త మొలతాడు పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. వచ్చే పండక్కి నాకోసం కొని ఉంచిందట.

మావయ్య క్వార్టరు రెండు వీధుల అవతల. నేను వెళ్ళేసరికి పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, నిండు చెంబు తలమీదికి ఎత్తాడు. స్నానం చెయ్యొద్దని వీధిలోంచే అరిచాను. చెంబు అలాగే గాలిలో ఆగిపోయింది. ఎవరైనా పోయారా అని అత్త లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది.

ఇక దాచి లాభం లేదు. ఎముక మీద చుక్క పడిందని చెప్పాను. ఆ చుక్క ఎముకదైతే సోమవారం ఆపరేషను ఉండదనీ, తడిసిన మొలతాడుదైతే ఉంటుందనీ చెప్పాను. కడిగేస్తే ఏది దేనిదో మేడమ్ ముందు రుజువు చెయ్యలేను. మందు ఆరు గంటలకోసారి సగమైపోతుంది కాబట్టి మొదటి బండికే పోవాలి. తీయించకుండా పడుకోబెట్టింది నేనే, తప్పు నాదే అన్నాను. అత్త గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయింది. మావయ్య చెంబు కింద పెట్టాడు. పొట్లం వైపు చూశాడు.

"కొత్తది కట్టి పాతది తీత్తానంతావు."

"అవును మావయ్యా."

"నీకు తట్టిందా ఈ మాట?"

"మా ఆవిడ చెప్పింది."

"అదీ. నీకు తట్టిందంతే నమ్మేవోణ్ణి కాను" అని లేచాడు. "పద. తానం సెయ్యకుండా గడప దాటడం ఇదే మొదలు. ఆ పాపం నీదే."

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడుగో మీకు తెలుసు. ఆ చివరి పెట్టె అందుకోవడానికి మేమిద్దరం ఎలా పరిగెత్తామో మీకు తెలియదు. జబ్బు మనిషి ముందు, నేను వెనక. సైకిలు నాటి బాకీ అలా తీరింది.

ఆసుపత్రికి చేరేసరికి మేడమ్ రిపోర్టు రాస్తోంది. సగం పేజీ నిండింది. నిన్నటి షీటులో "ఏమీ లేవు" అని నేను రాసింది అబద్ధం అని చెప్పాను. దాదా అక్కడే ఉన్నాడు. నలుగురు వినేలా నన్ను తిట్టాడు. ఆయన తిట్టిన ప్రతి మాటకూ నేను అర్హుణ్ణే. మేడమ్ మాత్రం కలానికి మూత పెట్టింది. ఎందుకు రాశావు అలా, అని ఒక్కటే అడిగింది.

"ఆయన పెద్దవాడు మేడమ్. నడుముకు దారం లేకుండా ఎలా పడుకోమనను అనుకున్నాను."

"అతనికి సిగ్గు లేకుండా చేద్దామని, ప్రాణం లేకుండా చెయ్యబోయావు" అంది. గొంతు పెంచలేదు. ఆ మాట ఇన్నేళ్ళయినా నా చెవిలో ఉంది.

గదిలో మావయ్య రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ముందు కొత్త మొలతాడు కట్టి ముడి వేశాను. తరవాతే పాతదాని ముడి విప్పాను. ఎన్నేళ్ళ ముడో, గోళ్ళు నొప్పెట్టాయి. విప్పుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. పాతది ప్లాస్టిక్ సంచిలో వేశాను. నడుము చుట్టూ తడిగుడ్డతో తుడిచి బల్లమీద పడుకోబెట్టాను.

ఒంట్లో మందు సన్నగిల్లింది కాబట్టి ఫిల్ముకు చాలాసేపు పట్టింది. చుక్కలు ఒక్కొక్కటే, చూరు నీళ్ళు కారినట్టు పడుతున్నాయి. దాదా తిట్లు ఆపి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. వెన్నుపూస వచ్చింది. ఎడమ తుంటి వచ్చింది. కుడి తుంటి వచ్చింది. అంచు దగ్గర ఏమీ లేదు. ముందునుంచి తీశాం, వెనకనుంచి తీశాం, పక్కనుంచి కూడా తీశాం. ఎక్కడా ఏమీ లేదు. దాదా నా వీపు మీద గట్టిగా ఒకటి చరిచాడు. అది మెచ్చుకోలో శిక్షో ఇప్పటికీ చెప్పలేను.

మేడమ్ అంతటితో ఒప్పుకోలేదు. మావయ్యను దించి, ఆ దారాన్ని బల్లమీద పెట్టమంది. మొలతాడును గుండ్రంగా పరిచి కెమెరా దించాం. అరగంట పట్టింది. ఫిల్ము మీద మసకగా ఒక వలయం, ఒక చోట తాయెత్తు పూసలాగా మెరుస్తూ. మేడమ్ నవ్వడం నాలుగేళ్ళలో నేను అదే మొదటిసారి చూడటం. "ఠీక్ హై, జబ్బు దారానికి ఉంది, మనిషికి లేదు" అని, రాసిన సగం పేజీ చింపేసి, కొత్త కాగితం తీసుకుంది.

సోమవారం ఆపరేషను జరిగింది. రెండు నెలలకు మావయ్య వర్కుషాపుకు వెళ్ళాడు. మీరు వినాల్సిన ఇంకో సంగతుంది. పాత మొలతాడు తిరిగి ఇవ్వమని ఆయన పట్టుబట్టాడు. ఎక్కడపడితే అక్కడ పారెయ్యకూడదట, పారే నీళ్ళలో వెయ్యాలట. సీసం పెట్టెలో మూడు రోజులు ఉంచి, కిరణాలు లెక్కపెట్టే మీటరు పూర్తిగా నోరు మూసుకున్నాక, జేబులో పెట్టుకుని బయల్దేరాను. కోలాఘాట్ బ్రిడ్జి మీద కిటికీలోంచి రూపనారాయణ్ నదిలోకి వదిలాను. పక్క సీటు డైలీ ప్యాసింజరు ఏం మొక్కుకున్నావు దాదా అని అడిగాడు. మొక్కు తీరింది అన్నాను.

ఆ తరవాత నేను ఏ మనిషినీ దారంతో పడుకోబెట్టలేదు. అలాగని ఎవరి దారమూ ఊరికే తీయించలేదు. నా అలమారులో నల్ల మొలతాళ్ళు, ఎర్ర దారాలు, తెల్ల జంధ్యాలు ఒక డబ్బాలో ఉండేవి. కొత్తది కట్టి పాతది తీసేవాణ్ణి. మొదట్లో దాదా నన్ను పూజారి అని వెక్కిరించేవాడు. రిటైరయ్యే రోజున మాత్రం డబ్బా నిండుగా ఉందో లేదో చూసి మరీ వెళ్ళాడు.

తొంభైల చివర్లో మావయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన్ని కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. కిడ్నీ జబ్బు మళ్ళీ తిరిగి చూడలేదు, మతి మాత్రం జారిపోతోంది. అన్నం తిన్నది గుర్తుండదు, వీధి గుర్తుండదు. మెదడుకు రక్తం ఎక్కడ సరిగ్గా అందుతోందో, ఎక్కడ అందటం లేదో చూసే స్కాను అప్పటికి మా దగ్గరికి వచ్చింది. మతిమరుపు ఏ రకందో తెలిస్తే డాక్టరు ఇంట్లోవాళ్ళకు ముందుగా చెప్పగలడు. ఆ ఫిల్ములో తలకు రెండు పక్కలా వెలితి కనిపించింది, జబ్బేనని తేలింది. ఇంట్లోవాళ్ళు దానికి తగ్గట్టు సర్దుకున్నారు, ఆయన్ని బాగా చూసుకున్నారు. అదంతా తరవాత.

ఆ పొద్దున ఆయన నన్ను గుర్తుపట్టలేదు. మావయ్యా అని పిలిస్తే మర్యాదగా నమస్కారం పెట్టాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళాను. గోడలు చూశాడు, గౌను చూశాడు. ఉన్నట్టుండి చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక కాగితప్పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. కొత్త మొలతాడు.

"ముందిది కట్టు బాబూ. తరవాత ఆ పాతది తియ్యి. మజ్జిలో మొండి మొల కాకూడదు, మా అల్లుడి పెళ్ళాం సెప్పింది."

కొడుకు నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆసుపత్రి అన్న మాట వింటే చాలు, ఎన్నేళ్ళుగానో జేబులో ఒక పొట్లం వేసుకోనిదే గడప దాటడని చెప్పాడు. ఇల్లు మరిచిపోతాడు గాని అది మరిచిపోడట.

తలకు తీసే ఫొటోకు నడుముతో పని లేదు. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. కొత్తది కట్టి ముడి వేశాను. పాతది విప్పి, పారే నీళ్ళ కోసం నా జేబులో పెట్టుకున్నాను. బల్లమీద పడుకోబెట్టి, షీటు తీసి, ఒంటిమీద ఏమున్నాయి అన్న గడి ఎదురుగా రాశాను: "మొలతాడు ఒకటి, కొత్తది."